పాత మినీ ట్రాక్టరు: ధర తగ్గినప్పుడు ఇంకేం తగ్గుతుంది?

జంషెడ్‌పూర్ సంతలకు కూరగాయలు పంపే ఊళ్ళ గురించి మాట్లాడితే పటమ్‌దా పేరు ముందు వినిపిస్తుంది. దల్మా కొండల చేరువలో ఉన్న ఆ ప్రాంతంలో పొలాలు మెట్లుమెట్లుగా, చిన్న చిన్న మడులుగా ఉంటాయి. పైన ‘టాండ్’ అని పిలిచే మెట్ట, కింద ‘దోన్’ అని పిలిచే వరి పల్లం. 45 అశ్వశక్తి ట్రాక్టరు అలాంటి మడిలోకి దిగితే దున్నడం కంటే మలుపు తిప్పడమే పెద్ద పని అవుతుంది. దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లేనని 2015-16 వ్యవసాయ గణన తేల్చింది. ఆ కాస్త నేలా చాలామందికి ఒకే చోట ఉండదు. 15 నుంచి 25 అశ్వశక్తి మధ్య ఉండే మినీ ట్రాక్టరు మీద చిన్న రైతు కన్ను పడటం సహజమే.

అయితే ట్రాక్టరు సైజు సగమైనంత మాత్రాన ధర సగం కాదు. ఎంత చిన్నదైనా ఇంజను, గేర్‌బాక్సు, హైడ్రాలిక్ లిఫ్టు, బ్రేకులు అన్నీ ఉండాల్సిందే. అందుకే చాలామంది చూపు వాడిన బళ్ళ వైపు మళ్ళుతుంది. వాటిలోనూ మరీ చవకగా కనిపించేవి ‘గ్రే మార్కెట్’ బళ్ళు.

గ్రే మార్కెట్ సరుకు దొంగ సరుకు కాదు, నకిలీదీ కాదు. అసలు కంపెనీ తయారుచేసిందే. కానీ ఆ కంపెనీ దాన్ని ఈ దేశంలో అమ్మడానికి చేయలేదు. ఇక్కడి డీలరు దానికి పూచీ పడడు. ప్రపంచంలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ జపాన్ పాత ట్రాక్టర్లు. అక్కడి వరి రైతులు యంత్రాలకు అలవాటు పడిన రోజుల్లో యన్మార్, కుబోటా, ఇసేకి, షిబౌరా వంటి కంపెనీలు చిన్న మడులకు తగిన ట్రాక్టర్లు తయారుచేశాయి. అక్కడ వాడి వదిలేసినవి ఓడలెక్కి అమెరికాకూ ఆగ్నేయాసియాకూ చేరాయి. మన విదేశీ వాణిజ్య విధానం వాడిన వాహనాల దిగుమతికి మూడేళ్ళ వయసు పరిమితి పెట్టింది. కాబట్టి ముప్ఫై నలభై ఏళ్ళ నాటి జపాన్ ట్రాక్టరును ఎవరైనా ఇక్కడ అమ్మజూపితే, ఇంజను సంగతి తర్వాత, ముందు కాగితాలు అడగాలి. దేశంలోనే తయారై, మోడల్ ఆగిపోయి, దగ్గర్లో డీలరు లేక, మూడు నాలుగు చేతులు మారిన బళ్ళ పరిస్థితి కూడా దాదాపు ఇదే.

ఇలాంటి బండి కొనే రైతును తెలివితక్కువవాడని తీసిపారేయడం తేలిక, కానీ సరికాదు. చాలాసార్లు అతను పెట్టిన డబ్బుకు ఇంజనూ ఇనుమూ గిట్టుబాటుగానే వస్తాయి. వాటితో పాటు రావలసిన సమాచారమే రాదు. ఏ నూనె పోయాలి, ఏ బోల్టు ఎంత బిగించాలి, గేరును ఏ ఉక్కుతో చేశారు, విడిభాగం నంబరు ఏమిటి అన్నవి ఎవరూ చెప్పరు. ధర తగ్గడానికి పెద్ద కారణం ఈ లోటే. ఉక్కు గురించిన పరిజ్ఞానం జంషెడ్‌పూర్‌లో ఉన్నంతగా ఒకే చోట పోగుపడిన ఊళ్ళు దేశంలో అరుదు. ఆ లోటు పూడ్చే పనిని ఆ ఊరే మొదలుపెట్టాలి.

అమెరికా కోర్టుకెక్కిన తేడాలు

1990లలో కుబోటా సంస్థ అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. జపాన్ మార్కెట్ కోసం చేసిన తన ట్రాక్టర్లనే వాడిన తర్వాత తెచ్చి అమ్ముతున్నారని, అది తన ట్రేడ్‌మార్కుకు దెబ్బ అని దాని వాదన. బండి పాతదని కొనేవారికి కనిపిస్తూనే ఉంది కదా, ఇక మోసమెక్కడ అని దిగుమతిదారులు అడిగారు. కమిషన్ కుబోటా వైపు మొగ్గింది. 1999లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు కూడా ఆ నిర్ణయాన్ని సమర్థించింది. పాత బండి అని తెలిసినంత మాత్రాన, అది వేరే దేశపు అవసరాలకు కట్టిన బండి అన్న సంగతి తెలిసినట్టు కాదు.

ఆ కేసులో లెక్కకు వచ్చిన తేడాలు గమనించదగ్గవి. నిర్మాణ బలం, గరిష్ఠ వేగం, పీటీవో వేగం, చక్రాల మధ్య దూరం, విడిభాగాల లభ్యత, స్థానిక భాషలో హెచ్చరికలు, మరమ్మతు పుస్తకాలు. తీర్పు కాపాడింది కంపెనీ పేరును. చిన్న రైతుకు దాని వల్ల ట్రాక్టరేమీ రాలేదు. అయినా ఈ జాబితా పాత బండి బేరానికి వెళ్ళే ఎవరి జేబులోనైనా ఉండదగినది. జంషెడ్‌పూర్‌లో ఆ హెచ్చరికలు హిందీలో, బెంగాలీలో, సంతాలీలో ఉండాలి. జపనీస్ అక్షరాలు ఉన్న లీవరును రైతు ఊహతో లాగాల్సి వస్తుంది.

దొరికే భాగం, దొరకని భాగం

ట్రాక్టరులోని భాగాలన్నీ ఒక్కలా దొరకవు. 6205 అని చెక్కిన బేరింగు ప్రపంచంలో ఎక్కడైనా 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 52 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 15 మిల్లీమీటర్ల మందంతోనే ఉంటుంది. ఆయిల్ సీళ్ళు, వి-బెల్టులు కూడా చాలావరకు ఇలాగే కొలత చూసి కొనుక్కోవచ్చు. ఆ నంబరే వాటి భాష. డీలరు లేకపోయినా వాటితో చిక్కు ఉండదు. గేర్లు, ఫ్యూయల్ పంపులోని ప్లంజరు, సిలిండరు హెడ్ గ్యాస్కెట్, క్రాంక్ షాఫ్టు వంటివి మాత్రం ఆ మోడల్‌కే పరిమితం.

‘గేరు పోతే ఆదిత్యపూర్‌లో చేయించుకోవచ్చు’ అన్న ధీమా ఈ ప్రాంతంలో కలగడంలో వింతేమీ లేదు. టాటా మోటార్స్ నీడలో ఎదిగిన ఆ పారిశ్రామికవాడలో వాహన భాగాలు చేసే వర్క్‌షాపులకు కొదవ లేదు. పాత గేరును కొలిచి అచ్చం అలాంటి పళ్ళే కోయగల పనివాళ్ళున్నారు. కానీ ఆకారం ఒక్కటే అయితే గేరు ఒక్కటే కాదు.

ట్రాక్టరు గేరు పన్ను పైపొర అరగనంత గట్టిగా, లోపలి భాగం దెబ్బకు విరగనంత సాగే గుణంతో ఉండాలి. ఇందుకోసం తక్కువ కార్బన్ ఉన్న మిశ్రమ ఉక్కును 900 డిగ్రీల సెల్సియస్ పైన కార్బన్ ఉన్న వాతావరణంలో గంటల తరబడి ఉంచుతారు. కార్బన్ పైపొరలోకి, మిల్లీమీటరు అటూ ఇటూగా, ఇంకుతుంది. తర్వాత నూనెలో ముంచి చల్లారిస్తే పైపొర గట్టిపడుతుంది. రాక్‌వెల్ సి కొలమానంలో అది సాధారణంగా 58 నుంచి 62 దాకా ఉంటుంది. ఈ పని చేయకుండా మామూలు షాఫ్టు ఉక్కుతో కోసిన గేరు కొన్ని నెలల్లో అరిగిపోవచ్చు. పన్నును నడిమి దాకా గట్టిపరిస్తే విరుగుతుంది. విరిగిన ముక్క గేర్‌బాక్సులో పడితే మంచి గేర్లనూ నమిలేస్తుంది. అప్పుడు ఒక గేరు ఖర్చు మొత్తం గేర్‌బాక్సు ఖర్చవుతుంది.

పాత గేరు కాఠిన్యాన్ని కొలవడానికి నిమిషాలు చాలు. అది ఏ ఉక్కో స్పెక్ట్రోమీటరు అంతే వేగంగా చెబుతుంది. 1950 నుంచి జంషెడ్‌పూర్‌లో జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. గమ్హరియాలో ఇండో డేనిష్ టూల్ రూమ్, ఆదిత్యపూర్‌లో ఎన్ఐటీ ఉన్నాయి. పొలానికీ ఈ సంస్థలకూ మధ్య దూరం మరీ ఎక్కువేమీ కాదు. అరిగిన గేరు చేతపట్టుకున్న రైతు వెళ్ళి నిలబడే కిటికీ మాత్రం లేదు.

కొనే ముందు ఒక గంట

పాత డీజిల్ ఇంజను తన చరిత్రను చల్లగా ఉన్నప్పుడే నిజాయతీగా చెబుతుంది. రైతు వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంటే, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళడం మంచిది. స్టార్టు చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను నూనె కాలుతోందని అర్థం. తెల్ల పొగ తగ్గకపోతే డీజిల్ సరిగా మండకపోవడమో, నీరు లోపలికి చేరడమో కారణం కావచ్చు. బరువు లేకుండానే నల్ల పొగ వస్తే గాలి ఫిల్టరునూ ఇంజెక్టర్లనూ అనుమానించాలి. నూనె పోసే మూత తీసినప్పుడు ఆవిరి బుసలు కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. గంటల మీటరును మార్చేయవచ్చు. అరిగిన క్లచ్ పెడల్‌ను, ఊగే స్టీరింగును, పళ్ళు మొద్దుబారిన పీటీవో షాఫ్టును మార్చి దాచడం అంత తేలిక కాదు.

దమ్ము చేసిన బండి అయితే ముందు యాక్సిల్ నూనె చూడాలి. బురదనీరు సీలు దాటితే నూనె పాలలా తెల్లబడుతుంది. చాలా మినీ ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్ లిఫ్టుకూ ఒకటే నూనె. వానాకాలంలో గేర్‌బాక్సులో పేరుకున్న తేమ రెండింటినీ పాడు చేస్తుంది. ఏది దొరికితే ఆ ఇంజనాయిల్ పోయకుండా ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్ కోసం చేసిన నూనె పోయడం, ఏటా వానలు వెళ్ళాక రంగు చూడటం పెద్ద ఖర్చు కాదు.

వేడి మరో సంగతి. జపాన్ పాత చిన్న ఇంజన్లలో కొన్నింటికి నీటి పంపు ఉండదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేవడం, చల్లబడ్డ నీరు బరువెక్కి కిందికి దిగడం అనే సూత్రం మీదే నీరు తిరుగుతుంది. దీన్నే థర్మోసైఫన్ అంటారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ ఎండలో, రేడియేటరు రెక్కల్లో పొట్టు ఇరుక్కుంటే ఆ కదలిక మందగిస్తుంది. బోరు నీరు వాడితే లోపల సున్నపు పొర కడుతుంది. ఆ పొర గుండా వేడి ప్రవహించడం ఇనుము గుండా కంటే ఎన్నో రెట్లు కష్టం. శుభ్రమైన నీరు, కూలెంట్, వారానికోసారి బ్రష్ చాలు. అయితే తన ఇంజనుకు పంపు లేదన్న సంగతి రైతుకు తెలిసి ఉండాలి.

పీటీవో వేగం తెలియకపోతే ప్రాణానికే ముప్పు. ఇక్కడ దొరికే రోటవేటర్లలో చాలావరకు నిమిషానికి 540 చుట్లకు చేసినవి. జపాన్ ట్రాక్టర్లలో పీటీవోకు తరచు మూడు నాలుగు గేర్లుంటాయి. పై గేరులో వేగం వెయ్యి దాటవచ్చు. 540కి చేసిన పనిముట్టు 1,000 చుట్లు తిరిగితే దాని బ్లేళ్ళలోని గతిజశక్తి దాదాపు 3.4 రెట్లవుతుంది. ఊడిన బ్లేడు అంత శక్తితోనూ ఎగిరి వస్తుంది.

బేరమాడకూడని రెండు

మొదటిది రక్షణ చట్రం. సన్నటి చక్రాల వెడల్పు, గట్ల మీద నడక, వెనక బరువు కలిస్తే మినీ ట్రాక్టరు తేలిగ్గా బోల్తా పడుతుంది. వెనక్కి తిరగబడటానికి సెకనున్నర చాలు. ఎంత చురుకైన డ్రైవరైనా అంతలో దూకలేడు. స్వీడన్ 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసింది. 1957లో లక్ష ట్రాక్టర్లకు 17గా ఉన్న బోల్తా మరణాలు 1990 నాటికి 0.3కి తగ్గాయి. జపాన్ పాత బళ్ళలో చాలావాటికి ఈ చట్రం లేదు. పక్క షాపులో నీళ్ళ పైపు వంచి వెల్డింగు చేయిస్తే ధైర్యం వస్తుంది కానీ రక్షణ రాదు. చట్రం విరగకుండా వంగుతూ దెబ్బను తనలోకి తీసుకోవాలి. వెల్డింగు పక్కన వేడికి గుణం మారిన ఉక్కు, దాన్ని పట్టుకున్న బోల్టులు ఆ పరీక్షకు నిలుస్తాయో లేదో లెక్కకట్టి, పరీక్షించి తేల్చాలి. చట్రంతో పాటు సీటు బెల్టు కూడా ఉండాలి.

రెండోది కాగితాలు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో కలవాలి. రిజిస్ట్రేషన్ లేని ట్రాక్టరుకు బీమా దొరకదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దుక్కి లేని రోజుల్లో ట్రాలీ కట్టి రోడ్డెక్కడమే మినీ ట్రాక్టరుకు సంపాదన. అక్కడ ఒక్క ప్రమాదం జరిగితే చవక బేరం పొలం దాకా వస్తుంది.

పాత బళ్ళను ప్రోత్సహించడమెందుకు, అద్దె యంత్రాలున్నాయి కదా అనే వాదన ఉంది. దానిలో బలముంది. పాత ఇంజన్లు ఇప్పటి ఉద్గార ప్రమాణాలకు తూగవు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద అద్దె కేంద్రాలకు సాయం అందుతోంది. ఏడాదిలో కొద్ది రోజులే ట్రాక్టరు అవసరమయ్యే రైతుకు అద్దే లాభం. కానీ వర్షాధార నేలలో తొలి వాన పడిన వారంలోనే అందరికీ దుక్కి కావాలి. అద్దె బండి వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. ఆ భయం ఉన్నంత కాలం పాత బళ్ళకు గిరాకీ ఉంటుంది. వద్దని చెప్పినా కొంటారు కాబట్టి, చూసి కొనే వీలు కల్పించడమే మేలు.

అందుకు కొత్త సంస్థ అక్కర్లేదు. దారిసాయిలోని కృషి విజ్ఞాన కేంద్రం నెలకు ఒక రోజు వాడిన ట్రాక్టర్ల పరీక్ష పెట్టవచ్చు. ఇంజను కంప్రెషన్, నూనె నమూనా, బ్రేకులు, పీటీవో వేగం, యాక్సిల్ మీద పగుళ్ళను రంగు ద్రవంతో వెతికే పరీక్ష ఒక్క పూటలో అవుతాయి. గేర్ల పని నగరంలోని లోహ ప్రయోగశాలలకు నామమాత్రపు రుసుముతో పంపవచ్చు. కొత్త మోడళ్ళకు మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్రం పరీక్షా నివేదికలు ఇస్తున్నట్టే, వాడిన బండికి ఒక పేజీ నివేదిక చేతికివ్వాలి. కొలిచిన ప్రతి గేరు కొలతలనూ ఉక్కు రకాన్నీ రాసిపెడితే, రెండోసారి అదే మోడల్ వచ్చినప్పుడు పని సగం అయిపోయి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఆదిత్యపూర్ వర్క్‌షాపులకు అందుబాటులో ఉంచాలి. పటమ్‌దా రైతు డబ్బు లెక్కపెట్టే ముందు అతని చేతిలో ఆ ఒక్క పేజీ ఉంటే, బండి కొన్నా మానుకున్నా అది తెలిసి తీసుకున్న నిర్ణయమవుతుంది.