తెలుగు కీబోర్డు పెడితే కంట్రోల్-ఎస్ ఎందుకు చావాలి?

"ఇంగ్లీషులోకి మార్చుకుని సేవ్ కొట్టండి సార్." తెలుగు టైపు చేసేవాళ్ళకి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇచ్చే ఈ ఉచిత సలహా వింటే నాకు ఒళ్ళు మంట.

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నిన్నమొన్న పుట్టింది కాదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ తెచ్చింది, 1991లో ఐఎస్ 13194 ప్రమాణంలో చేరింది. అందులో 'సి' మీట నొక్కితే 'మ' వస్తుంది, 'వి' నొక్కితే 'న', 'ఎస్' నొక్కితే ఏత్వం. మన ప్రోగ్రామరు గారేమో "కంట్రోల్‌తో పాటు ఎస్ అక్షరం వస్తే సేవ్ చెయ్" అని రాసి పెట్టారు. వచ్చింది ఏత్వం. ఇంకేముంది, ఫైలు సేవ్ కాదు. ఎర్రరైనా రాదు! లినక్సు మీద టికింటర్‌లో కంట్రోల్-ఎస్ అని బైండ్ చేస్తే జరిగేది ఇదే. అది చూసేది లేఅవుట్ ఇచ్చిన కీసిమ్‌ని, మీటని కాదు.

కర్నూలు పక్కనే మా కల్లూరులో డీటీపీ చేసుకునే మా మామ ఇలాంటి ప్రోగ్రామొకటి వాడి నన్నడిగాడు: "ఏమల్లుడా, తెలుగు పెడ్తే సేవ్ కాదంట గదా?" చూశారా, తప్పు ప్రోగ్రాముది, నింద తెలుగుకి! ఇంకో రెండుసార్లు పని పోగొట్టుకుంటే ఎవరైనా తెలుగు లేఅవుట్ తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకుంటారు. రాసుకోరా మరి?

విండోస్‌లో ఇది చాలా తేలిక. తెలుగు లేఅవుట్ పెట్టినా ఎస్ మీటకి వర్చువల్ కీ కోడు మారదు. యాక్సిలరేటర్ టేబుల్లో ఎఫ్‌వర్ట్‌కీ అనే ఫ్లాగు పెడితే అక్షరం బదులు ఆ కోడునే చూస్తుంది.

"అయితే అన్నిచోట్లా మీట ఉన్న స్థానమే చూస్తే పోలా?" అంటారు కొందరు. పోదు. ఫ్రెంచి వాళ్ళ అజెర్టీలో 'జెడ్', మన 'డబ్ల్యూ' ఉన్నచోట ఉంటుంది. పాపం వాళ్ళు అన్‌డూ చేద్దామని నొక్కితే విండో మూసుకుపోతుంది.

సరైన పద్ధతి ఇదీ: ముందు ఇప్పుడున్న లేఅవుట్ ఇచ్చిన అక్షరం చూడు. అది లాటిన్ అక్షరం కాకపోతే, అదే మీట ఆ మనిషి పెట్టుకున్న లాటిన్ లేఅవుట్లో ఏమిస్తుందో చూడు. రష్యన్లకీ గ్రీకులకీ ఇదే అవసరం కాబట్టి జిటికె, క్యూటి లాంటి టూల్‌కిట్లలో ఈ ఏర్పాటు ఉంది. దాన్ని పక్కనపెట్టి మీట నొక్కిన ప్రతిసారీ సొంతంగా అక్షరాలు పోల్చుకునే తెలివితేటలతోనే అసలు తంటా.

ఎక్కడో అమెరికా ప్రోగ్రామరుకి ఇది తట్టలేదంటే అర్థం చేసుకోవచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ హైదరాబాదులోనో బెంగళూరులోనో కోడు రాసే మనకేమైంది? మన టెస్టు కేసుల్లో తెలుగు లేఅవుట్ ఎందుకుండదు?

వచ్చే రిలీజుకి ముందు ఇన్‌స్క్రిప్ట్ పెట్టి కాపీ, పేస్ట్, సేవ్, అన్‌డూ ఒక్కసారి నొక్కి చూడండి. అర నిమిషం పని. అదీ చేయలేమంటే మాత్రం, ఆ "మార్చుకోండి సార్" అన్న మాట మా మామకి మీరే చెప్పుకోండి.