ఫోను పక్కన ఎవరు కూర్చుంటారు?

ఒకప్పుడు తెలుగు పిల్లలు తొలి అక్షరం దిద్దిన పలకల్లో ఎన్నో మన పశ్చిమ ప్రకాశం నేల నుంచే వెళ్ళాయి. మార్కాపురం పలక అంటే దేశమంతటా ఒక గుర్తింపు ఉండేది. ఆ పలకకు మరో చరిత్ర కూడా ఉన్నది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టును ఆరంభించినప్పుడు, పిల్లల చేత పని చేయించే కొన్ని పరిశ్రమలను ఎంపిక చేసింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి సామానుతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఆ జాబితాకెక్కింది. ఊరూరి పిల్లల చదువు కోసం పలకలు సిద్ధం చేసిన చిన్నారి చేతుల్లో ఎన్నింటికో ఆ పలక మీద రాసే యోగం లేకపోయింది.

ఈ సంగతిని ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. పలక స్థానంలోకి నేడు ఫోను వచ్చింది. కనిగిరిలో మన వాళ్ళుండే ఏ వీధికి వెళ్ళినా, పుస్తకం లేని ఇల్లు కనిపిస్తుందేమో గానీ ఫోను లేని ఇల్లు కనిపించదు. మూడేళ్ళ బిడ్డ చేతిలో అది ఉంటుంది. ఇంగ్లీషు పాట మోగుతూ ఉంటుంది. వంట పనిలోనో, కుట్టుమిషను దగ్గరో ఉన్న తల్లిని అడిగితే, "చదువుకుంటున్నాడు" అని తృప్తిగా చెబుతుంది. ఆమె మాటలో అబద్ధం లేదు. ఆశ ఉంది. ఆ ఆశను సొమ్ము చేసుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. పనిముట్టు ఇంట్లోకి వచ్చినంత మాత్రాన చదువు బిడ్డ దగ్గరకు వచ్చిందా అన్నదే మా ప్రశ్న.

పసిపిల్లల ఆన్‌లైన్ బడి మనకు కోరి తెచ్చుకున్నది కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. అంగన్‌వాడీలకు పిల్లలు రావడం ఆగిపోయింది. దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. ప్రైవేటు బడులు ఎల్‌కేజీ పిల్లలకు సైతం ఫోనులో తరగతులు మొదలుపెట్టాయి. పొరుగున కర్ణాటక ప్రభుత్వం ఆ ఏడాది జూన్‌లో ఎల్‌కేజీ నుంచి అయిదో తరగతి దాకా ఆన్‌లైన్ తరగతులను నిషేధించగా, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. జూలైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' పేరిట మార్గదర్శకాలు విడుదల చేసింది. ఒకటో తరగతికి ముందున్న పిల్లల విషయంలో అది చెప్పిన మాటను మన తల్లిదండ్రులు శ్రద్ధగా గమనించాలి. రోజుకు 30 నిమిషాలకు మించరాదు. ఆ అరగంట కూడా తల్లిదండ్రులతో మాట్లాడి వారికి దారి చూపడానికే. అంటే ఆ వయసు బిడ్డకు తెర మీది బడిని ప్రభుత్వం కూడా ఊహించలేదు. తెర పెద్దల కోసం, బడి నడపవలసింది పెద్దలు.

కరోనా వెళ్ళిపోయింది. ఫోను ఉండిపోయింది. అసర్ సర్వే ప్రకారం 2018లో గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న కుటుంబాల్లో 36.5 శాతానికే స్మార్ట్‌ఫోన్ ఉండగా, 2020 నాటికి అది 61.8 శాతానికి పెరిగింది. రెండేళ్ళలో ఇంత మార్పు వచ్చిన సాధనం మరొకటి మన ఇళ్ళల్లో లేదు. కాబట్టి ఫోనును తిట్టి కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదని మా అభిప్రాయం. దాన్ని ఎలా వాడితే బిడ్డకు చదువవుతుందో, ఎలా వాడితే కేవలం కాలక్షేపమవుతుందో తేల్చుకోవాలి.

దీనికి ఒక పాత ప్రయోగం బాగా పనికివస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2003లో దాని ఫలితాలను ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళల్లోని తొమ్మిది నెలల పిల్లల్లో కొందరికి చైనా భాష మాట్లాడే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పన్నెండు సార్లు ఆడించి, చదివి వినిపించారు. మరికొందరికి అదే మాటను, అదే ఆటను టీవీలో చూపించారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు. టీవీ చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి తెర నుంచి కొంత నేర్చుకునే శక్తి పెరుగుతుంది, నిజమే. కానీ బిడ్డ చూపు ఎటు పోతే అటు చూసి, వాడు తప్పు పలికితే నవ్వి సరిదిద్ది, ప్రశ్న వేసి జవాబు కోసం ఆగే పని తెర చేయలేదు. బిడ్డ జవాబిచ్చేలోపు అది తరువాతి పాటకు వెళ్ళిపోతుంది.

ఇంటి దగ్గర ఆన్‌లైన్ ప్రీస్కూలును ప్రభుత్వమే నడిపిన చోటు కూడా ఒకటి ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రం 2009లో 'అప్‌స్టార్ట్' అనే పథకాన్ని మొదలుపెట్టింది. బడిలో చేరబోయే ఏడాదికి ముందు, వారానికి అయిదు రోజులు, రోజుకు 15 నిమిషాల చదువు. ఇంట్లో కంప్యూటరు, ఇంటర్నెట్ లేని పేద కుటుంబాలకు వాటిని సమకూర్చారు. తల్లిదండ్రులతో మాట్లాడే మనుషులను పెట్టారు. అంత డబ్బు, అంత ఏర్పాటు ఉన్న చోట కూడా రోజుకు పావుగంటే అన్న సంగతిని, గంటల తరబడి బొమ్మల పాటలు పెట్టి వదిలేసే మనం గుర్తుంచుకోవాలి. ఆ పథకానికి సైతం అక్కడ విమర్శకులు లేకపోలేదు. తెర బడి చవక కాబట్టి అసలు బడిని ప్రభుత్వాలు ఎగ్గొడతాయేమోనని వారి భయం. అది మన భయం కూడా కావాలి. ఆ మాటకు మళ్ళీ వస్తాము.

కనిగిరి ముస్లిం బిడ్డకు ఇంకొక చిక్కు ఉన్నది. ఆ బిడ్డ ఇంట్లో బిల్లీ అంటుంది, అంగన్‌వాడీలో అది పిల్లి అవుతుంది, ఫోనులో క్యాట్ అవుతుంది. నూర్‌బాషా కుటుంబాల వంటి తెలుగే ఇంటి భాష అయిన వారిని పక్కన పెడితే, మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు మాట్లాడేది ఊరి యాసతో కలిసిన ఉర్దూ. మూడు భాషలు బరువేమీ కాదు. పసితనంలో మూడు కాదు, నాలుగు భాషలైనా పట్టుబడతాయి. చిక్కల్లా వాటిని కలిపే మనిషి లేకపోవడమే. బిల్లీయే పిల్లి అని, పిల్లియే క్యాట్ అని వేలు పెట్టి చూపే పెద్దలు పక్కన ఉంటే ఒక్క బొమ్మకు మూడు మాటలు వస్తాయి. లేకపోతే ఇంటి మాట మాటే కాదని, ఫోనులోని మాటే చదువని బిడ్డ మనసులో నాటుకుంటుంది. ఒకటో తరగతిలో నోరు విప్పని మన పిల్లలను చూసి "మందమతి" అనే ఉపాధ్యాయులు ఉన్నారు. వాడికి మాటలు లేక కాదు, వాడి మాటలను ఎవరూ లెక్కలోకి తీసుకోక. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడి ముఖం చూడకనో, మధ్యలో మానేసో ఉన్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మధ్యలో మానడానికి పేదరికమే మొదటి కారణం, సందేహం లేదు. కానీ బడిలో మొదటి ఏడాదే తాను పరాయివాణ్ణని అనిపించిన బిడ్డ అక్కడ ఎంతకాలం నిలుస్తాడు?

కాబట్టి ఇంట్లో ఏం చేయాలన్నది వివరంగానే చెప్పుకుందాము. ఫోను పెద్దల చేతిలో ఉండాలి, బిడ్డ పక్కన లేదా ఒడిలో ఉండాలి. రెండేళ్ళలోపు బిడ్డకు తెర అక్కరలేదు. రెండు నుంచి అయిదేళ్ళ వారికి అన్నీ కలిపి రోజుకు గంట దాటకూడదని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. పాఠానికి అందులో పావుగంటో, ఇరవై నిమిషాలో చాలు. ఒక కథనో, ఒక పాటనో ముందుగా డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే దానంతటదే తరువాతి వీడియో పరిగెత్తే బెడద తప్పుతుంది. ప్రతి బొమ్మ దగ్గరా ఆపండి. "ఇది ఏమిటి, ఎక్కడికి పోతోంది, నువ్వైతే ఏం చేస్తావు" అని ఇంటి భాషలోనే అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. ఆ తరువాత ఫోను మూసి, అదే పాఠాన్ని వస్తువులతో ఆడించాలి. అంకెలైతే రొట్టెలు లెక్కపెట్టించవచ్చు. రంగులైతే ఉతికిన బట్టలు వేరు చేయించవచ్చు. పెద్దదీ చిన్నదీ అంటే ఉల్లిపాయలు చాలు. తెర మీద చూసింది చేతికి తగిలినప్పుడే బిడ్డకు చదువవుతుంది. అన్నం తినిపించడానికి ఫోను పెట్టే అలవాటు మాత్రం, ఎంత చదువు పాటైనా సరే, మానవలసిందే.

చదువురాని తల్లి ఏం చేస్తుందని అడగవచ్చు. పక్కన కూర్చోవడానికి చదువు అక్కరలేదు. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లో ఉర్దూ, తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. అక్షరం రాకపోయినా బొమ్మ చూసి కథ చెప్పవచ్చు. మన నానీలు, దాదీలు ఏ పుస్తకం చూసి కహానీలు చెప్పారు? ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన 'జాదూయీ పిటారా' కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ఆటలు, కథలు, తోలుబొమ్మలతో కూర్చినదే. ఈ పని అమ్మీ ఒక్కతెదే అనుకోవద్దు. అబ్బా రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక పది నిమిషాలు చాలు. ఒక హెచ్చరిక. ఈ భారాన్ని ఇంట్లోని పెద్దాడపిల్ల మీదకు నెట్టే అలవాటు మనలో ఉంది. తమ్ముణ్ణి చదివించే పేరుతో ఆమె హోంవర్కు, చివరకు ఆమె బడే మానిపించిన కుటుంబాలు మాకు తెలుసు. ఒక బిడ్డ చదువు కోసం మరొక బిడ్డ చదువును బలిపెట్టడం న్యాయం కాదు.

మన సంప్రదాయంలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు బిడ్డకు బిస్మిల్లా చేయించడం ఉంది. కొత్త బట్టలు, మిఠాయిలు, చుట్టాలు. పెద్దలు పక్కన కూర్చోబెట్టుకుని బిడ్డ చేత తొలి పలుకులు పలికిస్తారు. ఆ ఒక్క రోజు చేసిన పనినే మరునాటి నుంచి రోజూ పావుగంట చేయమంటున్నాము. ఉదయం పూట ఖాళీగా ఉండే మక్తబ్ గదిని వారానికి రెండుసార్లు తల్లులకు, పసిపిల్లలకు తెరిచి ఉంచమని కనిగిరి మసీదు కమిటీలను కోరుతున్నాము. పదిమంది తల్లులకు ఒక ఫోను చాలు, చదువుకున్న ఒక ఆడబిడ్డ చాలు.

ఇక హక్కుల మాట. ఫోను ఉంది కదా, ఇంట్లోనే నేర్పుకోండి అని ఏ అధికారి అన్నా మనం అంగీకరించరాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద మన రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీలు ఉన్నాయి. ఆరేళ్ళలోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 45వ అధికరణ చెబుతున్నది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షను మూడేళ్ళు నిండిన వారి ఉచిత పూర్వ ప్రాథమిక విద్య గురించి మాట్లాడుతుంది గానీ, 'చేయవచ్చు' అన్నదే తప్ప 'చేయాలి' అనలేదు. ఆ ఒక్క క్రియాపదం మీదే మన పసిపిల్లల బతుకు వేలాడుతోంది. అమ్మ ఒడి అయినా, తల్లికి వందనం అయినా ఒకటో తరగతి నుంచే లెక్క. మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డ ఆ లెక్కలో లేడు. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్ల నిబంధన, పూర్వ ప్రాథమిక తరగతులు నడిపే బడుల్లో ఆ తరగతులకు కూడా వర్తిస్తుందని చట్టంలోనే రాసి ఉంది. మన నాయకులు దాన్ని చదివి అడగాలి.

2022లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్ర రెండో అధికార భాషగా గుర్తించింది. ఆ గుర్తింపు బోర్డుల మీద ఆగిపోకుండా అంగన్‌వాడీ గడప దాటాలి. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న వీధుల్లో కార్యకర్తో, ఆయాయో ఒకరైనా ఉర్దూ తెలిసినవారు ఉండాలి. ఇళ్ళకు పంపే పాఠాలు, వాయిస్ సందేశాలు తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. పంటలు పండక, తాగే నీటిలో ఫ్లోరైడుతో వేగుతూ, కనిగిరి ప్రాంతం నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు పనికోసం వెళ్ళే కుటుంబాలకు ఇది మరీ అవసరం. మేస్త్రీ వెంట ఊరు మారిన బిడ్డకు అంగన్‌వాడీ తప్పిపోతుంది. ఫోను మాత్రం వెంట ఉంటుంది. ఆన్‌లైన్ పాఠానికి నిజమైన విలువ ఉన్నది ఇలాంటి చోటనే అని మేము భావిస్తున్నాము. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్‌లో వలస వెళ్ళిన బిడ్డ పేరును కొత్త చోటికి మార్చే వీలున్నది. ఊరు వదిలే ముందు కార్యకర్తను అడిగి ఆ పని చేయించుకోండి. అక్కడికి చేరాక దగ్గరలోని కేంద్రంలో బిడ్డను చూపండి.

వచ్చే సంచిక నుంచి చివరి పేజీలో ఇరవై బొమ్మలు, వాటి పేర్లు ఉర్దూలోనూ తెలుగులోనూ ముద్రిస్తాము. మీ ఇంటి బిడ్డ ఆ బొమ్మలను ఏ మాటతో పిలుస్తున్నదో, కనిగిరి, పామూరు, మార్కాపురం, గిద్దలూరు ఎక్కడివారైనా సరే, ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి.