ఊరంతా విన్న పాట
డెబ్బైల నాటి పాటలు, సినిమాలు, ప్రకటనలంటే ప్రాణం పెట్టేవాళ్లది వట్టి చాదస్తమని కొట్టిపారేయడం తగదు. వాళ్లకు గుర్తున్నది పాట ఒక్కటే కాదు, పదిమందితో కలిసి దాన్ని విన్న తీరు. 1975 ఆగస్టులో మొదలైన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా మన పల్లెలకు కార్యక్రమాలు అందాయి. ఊరికొక్క టీవీ, దాని ముందు నేల మీద కూర్చున్న జనం. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. చాలా ఇళ్లకు దిక్కు రేడియోనే. వివిధభారతిలో నచ్చిన పాట తప్పిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి చెవులు రిక్కించి వినేవాళ్లు. మధ్యలో వచ్చే సబ్బు ప్రకటన కూడా కంఠతా వచ్చేసేది. లేమిని గొప్పగా చెప్పుకోవడమేమిటని కొందరు అడుగుతారు. ఆ మాటలో న్యాయముంది. ఎమర్జెన్సీలో సర్కారుకు కోపమొస్తే కిశోర్ కుమార్ పాటలే ఆకాశవాణిలో వినిపించకుండా పోయాయి. అప్పటివన్నీ ఆణిముత్యాలూ కావు. నాసిరకమంతా కాలంలో కొట్టుకుపోయి ‘ముత్యాల ముగ్గు’ లాంటి సినిమాలు నిలిచాయి. ప్రసారాలపై సర్కారు గుత్తాధిపత్యం తిరిగి రావాలని ఎవరూ కోరరు. కానీ ఇవాళ ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఒకరి పాట ఇంకొకరికి తెలియదు. ఈ నష్టం నిజమైనదే. వారానికి ఒక్క సాయంత్రమైనా ఇయర్‌ఫోన్లు తీసేసి, ఇంటిల్లిపాదీ కలిసి పాటలు వినండి.