ఫిలిం లేని ఫిలింనగర్

జూబిలీహిల్స్ చెంత ఫిలింనగర్‌కు నేడు ఫిలిం పేరులోనే మిగిలినది. ఒకప్పుడు రెండున్నర గంటల చిత్రమునకు సుమారు 14,000 అడుగుల ప్రింటు. థియేటరు థియేటరుకు ఒక ప్రింటు. నెగటివు కోయువారు, ఫిలిం కడుగువారు, రంగులు సరిచూచువారు, పెట్టెలు మోయువారు, ఎందరి అన్నమో అది! 2012లో కోడాక్ దివాలాకు చేరినది. 2013లో ఫ్యూజీ సినిమా ఫిలిం తయారీని దాదాపు మానినది. చిత్రములు హార్డుడిస్కులకెక్కినవి, లాబొరేటరీలలో పని అడుగంటినది.

మార్పును మేము నిందింపము. కాని ప్రింట్లపై మిగిలిన సొమ్ములో ఆ పనివారికి పాలు లేకపోవుట న్యాయమా? 2018 మార్చిలో డిజిటల్ ప్రదర్శన రుసుములు భారమైనవని నిర్మాతలు కొత్త చిత్రముల విడుదలనే ఆపిరి. లాబు కార్మికులకై ఒక్క ఆటయైనను ఆగినట్లు మేమెరుగము.

ఇప్పుడు కృత్రిమ మేధ డబ్బింగు గది గుమ్మములో నిలిచినది. పరిహారము, కొత్త పనిలో శిక్షణ ఈసారి ముందుగనే ఒప్పందములలో వ్రాయవలెనని మా కోరిక.