స్క్రూడ్రైవర్ మన పాప చేతికెప్పుడొస్తుంది?

మిక్సీ ఆగిపోతే ప్లగ్గులో వైరు ఊడిందేమోనని కూడా చూడం. "నాన్న వచ్చాక చూస్తార్లే" అనేసి పచ్చడి పక్కన పెట్టేస్తాం. అది వింటున్న తొమ్మిదో తరగతి పాప ఆ మాటని ఫిజిక్సు పాఠం కన్నా బాగా నేర్చుకుంటుంది. విద్యుత్తు పాఠంలో పదికి పది మార్కులు తెచ్చుకునే పిల్ల ఇంట్లో ప్లగ్గు విప్పదు. విప్పుతానన్నా మనం ఒప్పుకోం.

చేత్తో చేసి నేర్చుకునే చదువు మనకి కొత్తేమీ కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీగారు ప్రారంభించిన ఆశ్రమంలో రాట్నం తిరిగింది. ఆ ఆశ్రమానికి అండగా నిలిచిన పొణకా కనకమ్మగారే 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆ తర్వాత చాలా హైస్కూళ్ళలో క్రాఫ్టు పీరియడు వచ్చింది. ఆడపిల్లలకి కుట్లు, అల్లికలు. మగపిల్లలకి వడ్రంగం. పరీక్షలు దగ్గర పడితే ఆ పీరియడులో లెక్కల మాస్టారు వచ్చి కూచునేవారనుకోండి, అది వేరే సంగతి!

ఇప్పుడు దాని రూపం మారింది. 2016లో మొదలైన పథకం కింద నీతి ఆయోగ్ బడుల్లో అటల్ టింకరింగ్ లాబ్‌లు పెట్టిస్తోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం. ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు. సెన్సర్లు, చిన్న చిన్న మోటార్లు, సోల్డరింగ్ ఐరన్లు, త్రీడీ ప్రింటర్ అన్నీ ఉంటాయి. దేశంలో ఇలాంటివి పదివేల దాకా వచ్చాయి. ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్లో చెప్పారు. డబ్బు వస్తోంది, సామాను వస్తోంది. అయితే ఆ సామాను ఎవరు ముట్టుకుంటున్నారు?

మైపాడు వైపు ఒక బడిలో సైన్సు ప్రదర్శన చూడ్డానికి వెళ్ళాను. రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగిపోతే మోగే గంట చేశారు పిల్లలు. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అప్పు చేసి చెరువు వేసిన ఇంట్లో అది ఎంత దెబ్బో మన తీరంలో చెప్పక్కర్లేదు. ఆ పిల్లలు వాడింది ఒక రిలే, ఒక బ్యాటరీ, ఒక గంట. కరెంటు ఉన్నంతసేపూ రిలేలోని తీగచుట్ట అయస్కాంతమై లోపలి రేకుని లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే రేకు వెనక్కి జారి బ్యాటరీని గంటతో కలుపుతుంది. ఆలోచన ఎవరిదంటే చార్టు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూపించారు. వాళ్ళ నాన్న చెరువు గట్టునే పడుకుంటాడట. మరి వైర్లు అతికింది ఎవరయ్యా అంటే ఇద్దరబ్బాయిలు. "నువ్వెందుకు అతకలేదమ్మే?" అన్నాను. "మా అమ్మ వద్దనింది. చెయ్యి కాలితే రేపు ఎవురు చేసుకుంటారనింది" అంది.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. అట్లపెనం చెయ్యి కాల్చదా? మరిగే నూనెలో గారెలు వేయించేటప్పుడు రాని భయం సోల్డరింగ్ ఐరన్ దగ్గరే ఎందుకొస్తుంది? జడ వెనక్కి ముడేసుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, టీచరు పక్కన ఉండగా చేస్తే గారెల కన్నా ప్రమాదమేమీ కాదది.

ఆడపిల్లల చేతికిస్తే ఏం చేస్తారో శ్రీహరికోటలోనే చూశాం (2022 ఏప్రిల్ దాకా అది మన నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లా). దేశంలోని 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది అమ్మాయిలు కలిసి ఆజాదీశాట్ అనే చిన్న ఉపగ్రహంలోని పరికరాలు తయారు చేశారు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా వాళ్ళతో చేయించింది. 2022 ఆగస్టు 7న ఎగిరిన రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో నిలపలేకపోయింది. అంత శ్రమా వృథా! అయినా ఆగలేదు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్య చేరింది. మన పిల్లలకి ఒక యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితేనే ఇల్లు అదిరిపోతుంది. చేసింది పాడైతే ఎందుకు పాడైందో చూసి మళ్ళీ చేసే తీరిక ఏ ట్యూషన్లో దొరుకుతుంది?

ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ అని ఫీజులు కట్టే మనం, ఇంజనీరు కావలసిన పిల్ల బోల్టు బిగించడం చూశామా అని ఒక్కసారి ఆలోచిద్దాం. ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఇంకో రెండు మాటలడగండి. లాబు ఈ నెలలో ఎన్నిసార్లు తెరిచారు? మా పాప రికార్డు రాసిందా, పనిముట్టు పట్టిందా? జట్టులో వంతులవారీగా అందరిచేతా అతికించమనండి. చార్టుకి రంగులు వేసే పని అబ్బాయిలకీ ఒకసారి ఇవ్వమనండి. తాళంచెవి హెడ్మాస్టరుగారి బీరువాలో ఉందనీ, ఇన్‌స్పెక్షన్ అప్పుడు తీస్తామనీ చెబితే, మీరడిగిన తేదీ మీటింగు పుస్తకంలో రాయించి సంతకం పెట్టి రండి.