అడిగారు సరే, జవాబేది?

మా ఊరి డొంకను రోడ్డు చేస్తున్న రోజుల్లో తూము ఎక్కడ పడాలో ఒక పెద్దాయన చూపించాడు. చేతికర్రతో నేల మీద గీత గీసి, "బాబూ, పైపొలాల నీళ్లన్నీ ఇక్కడికే దిగుతాయి. తూము ఇక్కడ పెట్టించండి" అన్నాడు. ఏఈ గారు ఓపిగ్గా విన్నారు, తలూపారు. కానీ ఎస్టిమేటులో తూము నూటయాభై గజాల అవతల ఉంది. అక్కడే కట్టారు. మొదటి పెద్దవానకే ఆ పెద్దాయన గీత గీసిన చోట రోడ్డు తెగిపోయింది. నాలుగు రోజులు పిల్లలు బడికి పోలేదు, పాలక్యాన్లు మనుషులు నెత్తిన పెట్టుకుని దాటించారు. అవతల కట్టిన తూము కింద ఒక్క చుక్క నీరు పారలేదు.

ఆ ఇంజనీరు చెడ్డవాడని నేను అనను. ఎస్టిమేటు అప్పటికే పై ఆఫీసులో ఆమోదమై వచ్చింది. తూము జరపాలంటే కాగితాలు మళ్లీ పైకి పోవాలి, సంతకాలు కావాలి. ఈలోపు మార్చి నెల దాటితే డబ్బు వెనక్కి పోతుంది. ఆయన పెద్దాయన మాట వినే సమయానికి ఆ మాటకు చోటు మిగల్లేదు. ఇన్నేళ్లుగా ఊళ్లు తిరుగుతూ నేను చూస్తున్నది ఇదే. జనాన్ని అడగడం లేదని కాదు, అడుగుతున్నారు. అడిగేసరికి గీత గీసేసి ఉంటుంది. చెప్పిన మాట ఏమైందో చెప్పేవాళ్లు ఉండరు.

అడగాలన్న నియమానికి మనకు కొరత లేదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. పంచాయతీలకు అప్పగించదగ్గ పనులని పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. వాటిలో పదమూడోది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, పడవ రేవులు. 14వ ఆర్థిక సంఘం నిధులు 2015 నుంచి పంచాయతీలకు రావడం మొదలయ్యాక ప్రతి ఊరూ ఏటా తన అభివృద్ధి ప్రణాళిక తానే రాసుకోవాలన్నారు. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టి తీరాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపి, ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేయించారు. అది మంచి పనే. ఏళ్ల తరబడి గ్రామసభ మాటే వినని ఊళ్లలో కూడా ఆ రోజు జనం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

మామూలు రోజుల్లో సభ ఎలా నడుస్తుందో పల్లెలో పుట్టినవాళ్లకు తెలుసు. ముందురోజు రాత్రి ఏడింటికి, సగంమంది అన్నాల దగ్గర ఉండగా టముకు వేస్తారు. తెల్లారి పదకొండింటికి సభ. అప్పటికి కూలికి పోయేవాళ్లు పోయారు, నాట్లకు పోయే ఆడవాళ్లు ఆటో ఎక్కేశారు. మిగిలినవాళ్ల మధ్య హాజరు పుస్తకం ఒక ఒళ్లోంచి ఇంకో ఒళ్లోకి నడుస్తుంది. దాన్ని నేను చాలాసార్లు చేత్తో పట్టుకుని చూశాను. పేజీ పైభాగం ఖాళీగా ఉంటుంది, కింద సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. పైన తీర్మానం తర్వాత రాసుకుంటారు. ఆ వేలిముద్ర వేసిన అమ్మ తన పేరు మీద ఏ రోడ్డు మంజూరైందో, ఏ రోడ్డు ఆగిపోయిందో ఎప్పటికీ తెలుసుకోదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రామసభ అంటే లబ్ధిదారుల జాబితా చదివే సభ అయిపోయింది. 2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణ అంతటా సభలు పెట్టినప్పుడు రేషను కార్డు, ఇల్లు, రైతు భరోసా జాబితాల మీదే గొడవంతా జరిగింది. పేరు లేనివాడి బాధ నిజమైన బాధే, దాన్ని తక్కువ చేయలేం. కానీ ఎవరి కాగితం వాళ్లు పట్టుకుని నిలబడ్డ చోట, అందరూ నడిచే దారి గురించి మాట్లాడే తీరిక ఎవరికుంటుంది? పైగా తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారులు నడిపారు. రోడ్డు సంగతి నిలదీయడానికి ఊళ్లో మనిషి లేకుండా దాదాపు రెండేళ్లు గడిచాయి.

నాకు ఎంతో ఇష్టమైన నియమం ఒకటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. దాని మార్గదర్శకాల్లో, రోడ్డు ఎటు పోవాలో ఖరారు చేసే ముందు ఇంజనీరు, సర్పంచి, వార్డు సభ్యులు, రెవెన్యూవాళ్లు, ఊళ్లో ఆడామగా కలిసి ఆ దారి పొడవునా నడవాలని రాశారు. నడుస్తూ ఎవరి భూమి పోతుందో, నీళ్లు ఎటు పారతాయో, ఏ చెట్టు కాపాడాలో మాట్లాడుకోవాలి. ఆ మాటలన్నీ రాసి ప్రాజెక్టు నివేదికకు జతచేయాలి. ఈ పథకంలో భూమి కొనడానికి డబ్బివ్వరు కాబట్టి గట్టు పక్కన జానెడు నేల వదులుకునే రైతును ఒప్పించాల్సిందే. ఆ నడక నిజంగా నడిచిన ఊళ్లలో రోడ్డు తీరే వేరుగా ఉంటుంది. పశువుల దొడ్డి దగ్గర ర్యాంపు ఉంటుంది, చెరువు అలుగు దగ్గర చప్టా ఉంటుంది. పొలంలోకి ట్రాక్టరు దిగే చోట పైపు వేసి ఉంటుంది. నడవని ఊళ్లలో కారు దిగి, బ్యానరు పట్టుకుని ఫోటో దిగి వెళ్లిపోతారు. కాగితంలో మాత్రం రెండూ నడకలే.

ఈ పథకం నాలుగో దశను 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించింది. దేశం మొత్తం మీద 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేస్తామన్నారు. మన ఏజెన్సీ గూడేలకు ఇది ప్రాణం మీది సంగతి. నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకుంటూ గెడ్డలు దాటించే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ గ్రామసభ మాటకు చట్టంలో బరువు కూడా ఎక్కువ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం రోడ్డు లాంటి అవసరానికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, అందుకు గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే కొండమీది ఊరు కూర్చుని ఒక తీర్మానం రాస్తే దారి తెరుచుకునే వీలుంది. ఆ సంగతి ఆ ఊరికి వాళ్ల భాషలో చెప్పడం ప్రభుత్వం మొదటి పని కావాలి.

పెద్ద రోడ్ల దగ్గర మాత్రం ఊరి గొంతు చాలా సన్నగా వినిపిస్తుంది. జాతీయ రహదారి కోసం భూమి తీసుకుంటామని ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పడానికి చట్టం ఇచ్చే గడువు 21 రోజులు. ప్రకటన సారాంశం రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి స్థానిక భాషలో. సర్వే నంబర్ల పట్టికలో తన నంబరు వెతుక్కుని, దానికి దరఖాస్తు రాయించుకుని, ఆఫీసుకు పోయేసరికి రైతుకు ఆ మూడు వారాలు మూడు రోజుల్లా కరిగిపోతాయి. అది కూడా భూమి పోయేవాడికే. భూమి పోనివాళ్లు, అంటే రోజూ ఆ రోడ్డు దాటి పొలానికీ బడికీ పోవాల్సిన మిగతా ఊరంతా, ఎవరికి చెప్పుకోవాలి?

ఈ సంగతి నేను ఒక అండర్‌పాస్ దగ్గర నిలబడి అర్థం చేసుకున్నాను. నాలుగు వరుసల రోడ్డు ఊరికీ పొలాలకీ మధ్యన పడింది. దాటడానికి కింద దారి కట్టారు. మనుషులకూ పశువులకూ అని కట్టే దారికి పాత ప్రమాణాల ప్రకారం ఎత్తు 3 మీటర్లు. మనుషులు పోతారు, గేదెలు పోతాయి. కోతల తర్వాత గడ్డి ఎత్తిన ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు దిగి పైకి చూశాడు, వెనక్కి తీశాడు, గడ్డి సగం దింపాడు, అవతలికి పోయి మళ్లీ వచ్చాడు. కోత మిషను అసలు పట్టదు. అది హైవే ఎక్కి, ఎదురు దిశలో కిలోమీటరు పైన నడిచి, మీడియన్ తెగిన చోట మళ్లాలి. ఆ మలుపు దగ్గర ఎన్ని ప్రాణాలు పోయాయో ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా లెక్క తెలుసు. డిజైను దశలో ఎవరైనా వచ్చి రచ్చబండ మీద కూర్చుని, "మీ గడ్డిబండి ఎంత ఎత్తుంటుంది?" అని అడిగి ఉంటే చాలు. తర్వాత ఆ ఊరు ధర్నా చేసింది, అర్జీలు పెట్టింది. కాంక్రీటు ఎత్తు పెంచడం ఎవరి తరమూ కాలేదు.

ఊళ్లో సీసీ రోడ్ల సంగతి కూడా ఇదే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు, పదేళ్లకు మళ్లీ ఇంకోటి. వీధి పైకి లేస్తుంది, గడపలు కిందికి పోతాయి. మా వీధిలో ఒకప్పుడు మూడు మెట్లెక్కి అరుగు మీదికి పోయే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి పోతారు. వాన పడితే ఆ ఇంటి ఆడవాళ్లు గుమ్మంలో ఇసుక బస్తా అడ్డం పెట్టుకుంటారు. రోడ్డు వేసేటప్పుడు ఆ ఇంటావిడ ప్రాధేయపడింది. "శాంక్షనైన మందం ఇదే అమ్మా" అన్నారు.

బస్సు గురించి అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నా చిన్నప్పుడు మా ఊరికి నైట్ హాల్టు బస్సు ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ ఆఫీసు వరండాలో పడుకుని, తెల్లారి అయిదున్నరకు బయల్దేరేది. ఆ బస్సు మీద కూరగాయలు బజారుకు పోయాయి, మేం కాలేజీలకు పోయాం, ఆస్పత్రికి పోవాల్సినవాళ్లు పోయారు. ఒకరోజు కలెక్షను లేదని తీసేశారు. టిక్కెట్ల లెక్క చూశారేగానీ, ఆ బస్సు లేకపోతే ఊళ్లో ఎంతమంది ఆడపిల్లల చదువు ఆగుతుందో లెక్క చూడలేదు. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే నిర్ణయం ఇది. దాని ఫలం బస్సు వచ్చే ఊళ్లకే అందుతోంది, బస్సు రాని ఊరి ఆడకూతురు ఆటోకు డబ్బులిచ్చి బస్సున్న చోటికి పోవాలి. ఏ ఊరికి ఏ వేళ బస్సు కావాలో గ్రామసభలో ఒకసారి అడిగి రాసుకుంటే ఎంత ఖర్చవుతుంది? ఫోన్లో డిపో మేనేజరుకు చెప్పుకునే ఏర్పాటు ఉంది, కానీ అది ఒక మనిషి కోరిక అవుతుంది. ఊరంతా కలిసి రాసిన తీర్మానానికి ఉండే బలం దానికి రాదు.

అడిగాక జవాబు కూడా చెప్పే పద్ధతి ఎక్కడైనా ఉందా అంటే, ఇంగ్లండులో ఉంది. అక్కడ మన పంచాయతీకి దగ్గరగా ఉండే సంస్థ పారిష్ కౌన్సిల్. 1894 చట్టంతో పుట్టింది. 2011లో వచ్చిన లోకలిజం చట్టంతో పారిష్‌లు తమ ప్రాంత ప్రణాళిక తామే రాసుకునే వీలు కలిగింది. ముసాయిదాను కనీసం ఆరు వారాలు జనం ముందు పెట్టాలి. చివర్లో ఊళ్లో ఓటింగు పెట్టి, ఓటేసినవాళ్లలో సగానికి పైగా ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఈ రెంటి మధ్యన ఉన్న ఒక చిన్న నిబంధన. ఎవరిని అడిగారు, వాళ్లు ముఖ్యంగా ఏం చెప్పారు, ఆ చెప్పినదాన్ని ప్రణాళికలో ఏం చేశారు అని ఒక నివేదిక రాసి జతచేయాలి. అది లేకుండా ప్రణాళిక ముందుకు పోదు. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. పెద్ద రోడ్లు పారిష్ చేతిలో ఉండవు, పల్లె బస్సులు అక్కడా తగ్గిపోయాయి. కానీ నీ మాట ఏమైందో నీకు చెప్పడం అక్కడ చట్టబద్ధమైన పని.

మనకు కావాల్సింది ఆ ఒక్క పేజీ. గ్రామసభ మొదలవగానే మొదటి అంశంగా, పోయినసారి సభలో రోడ్లూ బస్సుల గురించి ఎవరేం అడిగారో, దానికి ఏ ఆఫీసు ఏం చెప్పిందో సెక్రటరీ గట్టిగా చదవాలి. కాదంటే ఎందుకు కాదో చదవాలి. డబ్బు లేదంటే డబ్బు లేదనే చదవాలి, జనం అర్థం చేసుకుంటారు. తూము నూటయాభై గజాలు జరపడం లాంటి మార్పును మండల స్థాయిలోనే ఒప్పుకునే అధికారం ఇంజనీరుకు ఇవ్వాలి. సభ సాయంత్రం పెట్టాలి, కూలి నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చాక. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

మా ఊరి పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవరాలు డ్వాక్రా సంఘం లీడరు. కిందటి గ్రామసభకు నేనూ వెళ్లాను. హాజరు పుస్తకం ఆమె దగ్గరికి వచ్చింది. పైన ఖాళీగా ఉన్న పేజీ చూసి, "తీర్మానం రాయండి సార్, రాసి చదవండి, అప్పుడు పెడతాను" అంది. సెక్రటరీ గారు కొంచెం ఇబ్బంది పడ్డా రాశారు, చదివారు. "తూము వంద గజాలు తూర్పుకు" అని రాశారు. "నూటయాభై" అని దిద్దించి, పక్కన ఆయన చేత పొట్టి సంతకం పెట్టించి, అప్పుడు తన సంతకం పెట్టింది.