బేస్ వాద్యకారుని విచక్షణ

వాద్యబృందంలో బేస్ గిటారు భవనానికి పునాది వంటిది. శ్రోత దానిని గమనించకపోవచ్చు. అది ఆగిపోతే మాత్రం పాట డొల్లగా వినిపిస్తుంది.

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో స్థిరపడిన జేమ్స్ జేమర్‌సన్ 1960లలో మోటౌన్ సంస్థ వారి ప్రసిద్ధ గీతాలెన్నింటికో బేస్ వాయించాడు. వేతనం లభించింది గాని, ఆ రికార్డులపై వాద్యకారుల పేర్లు చాలాకాలం కనిపించలేదు. రాత్రివేళల్లో అతడు స్థానిక క్లబ్బులలో జాజ్ వాయించేవాడు. ఒకచోట బ్రతుకుతెరువు, మరొకచోట కళాతృప్తి!

కావున కచేరీకి అంగీకరించే ముందు న్యాయమైన పారితోషికం, నేర్చుకొనే అవకాశం, తోటివారి ఆదరణ – ఈ మూడింటిలో ఒకటైనా ఉన్నదా అని యువ వాద్యకారుడు యోచించాలి. ఒక్కటీ లేనిచోట వాయించ నిరాకరించడం అహంకారం కాదు, కళపట్ల గౌరవం.